బెస్సీ డన్‌లప్ కథ రాస్తున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ చదివాను. పక్కన పెట్టి మళ్లీ చదివాను. నీకు రాసే చెయ్యి ఉంది. వాక్యం ఎక్కడ ఆపాలో తెలుసు. గ్లాస్గోలో చదువుకుంటూ, దాదాపు నాలుగు వందల యాభై ఏళ్ల కిందట మంత్రగత్తె అని చంపేసిన బెస్సీ డన్‌లప్ అనే స్కాట్లాండ్ పల్లెటూరి ఇల్లాలి కథ తెలుగులో రాయాలని కూర్చున్నావంటే నాకు నిజంగా ముచ్చటేసింది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను. మెచ్చుకోలు ఉత్తరాలు నీకు వేరేవాళ్లు రాస్తారు.

మొదటి పేజీలోనే చితి పేర్చావు. జనం కేకలు, ఎగసిపడే మంట, అందులోంచి తలెత్తి బెస్సీ చేసే పెద్ద ప్రసంగం. ఆ పేజీ తీసెయ్యి. స్కాట్లాండ్‌లో మంత్రగత్తె అని తీర్పు పడినవాళ్లను మామూలుగా ముందు మెడకు తాడు బిగించి చంపేవాళ్లు, తర్వాత శవాన్ని కాల్చేవాళ్లు. మంటల్లోంచి ప్రసంగాలు చేసే వీలు వాళ్లకు లేదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మంటతో మొదలుపెడితే చదివేవాళ్లు ఆ తర్వాత వచ్చే ప్రతి పేజీలోనూ మంట కోసమే ఎదురుచూస్తారు. ఆమె ఆవులు తోలుకెళ్తున్నా, పిల్లాడికి జ్వరం వచ్చినా, వాళ్ల కళ్లు అటే ఉంటాయి. బెస్సీ బతికిన రోజులు వాళ్లకు కనపడవు.

రెండో అధ్యాయంలో రాజుగారిని కోర్టులో కూర్చోబెట్టావు. స్కాట్లాండ్ రాజు ఆరో జేమ్స్ మంత్రగత్తెలను స్వయంగా విచారించిన మాట నిజమే, కానీ అది 1590లో నార్త్ బెర్విక్ కేసులు మొదలయ్యాక. బెస్సీ విచారణ 1576 నవంబరు 8న ఎడిన్‌బరోలో జరిగింది. అప్పటికి రాజుగారికి పదేళ్లు. సూదులు గుచ్చి సైతాను మచ్చ వెతికే మనుషులు కూడా ఆ తర్వాతి శతాబ్దంలోనే ఎక్కువ. (వాళ్లలో క్రిస్టియన్ కాడెల్ అని, 1662లో మగవేషం వేసుకుని ఆ పని చేసిన ఆడమనిషి ఒకావిడ ఉంది. ఆవిడ కథ ఆవిడకే వేరేగా రాయాలి, ఇందులో ఇరికించకు.) నువ్వు బెస్సీ గోళ్లు కూడా పీకించావు. నేను చదివిన కోర్టు రికార్డులో హింస మాటే లేదు. మిగతా కేసుల్లో ఉంది. ముఖ్యంగా రాత్రుల తరబడి నిద్రపోనివ్వకుండా కాపలా కూర్చోవడం స్కాట్లాండ్‌లో అందరికీ తెలిసిన పద్ధతి. దాన్ని తెచ్చి బెస్సీకి అంటగట్టకు. ఆమెకు జరిగినది చాలు.

నువ్వు వదిలేసిన సంగతి ఒకటి చెప్తాను. 1563లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం మంత్రవిద్య చేసినవాళ్లకు మరణశిక్ష. చేయించుకోవడానికి వెళ్లినవాళ్లకూ అదే శిక్ష. ఈ రెండో ముక్క దగ్గర పెట్టుకుని నీ కథను మళ్లీ చూసుకో. పోయిన వస్తువు జాడ చెప్పమనో, జబ్బుకు మందు చెప్పమనో బెస్సీ గుమ్మం తొక్కిన ప్రతి ఒక్కరి మెడ మీదా అదే కత్తి వేలాడుతోంది. ఆచరణలో అలా వెళ్లినవాళ్లను పెద్దగా శిక్షించలేదు. కానీ ఆమెను పట్టుకెళ్లారన్న వార్త ఊళ్లోకి వచ్చిన రాత్రి ఆ సంగతి ఎవరికి తెలుసు? ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పాక మొగుడూ పెళ్లాం టెన్షన్‌తో గుసగుసలాడుకుని ఉంటారు, మన పేరు చెప్తుందేమోనని? నీ కథలో ఊరంతా ఒకే గొంతుతో అరుస్తోంది. నాకైతే ఆ ఊరు చాలావరకు నోరు మూసుకుని ఉన్నట్టు కనిపిస్తుంది.

మన పాఠకుడికి చేతబడి, బాణామతి అనగానే మెదక్ వైపు ఏదో ఊళ్లో ఎవరినో కట్టేసి కొట్టారనో, పళ్లు పీకారనో, తగలబెట్టారనో పేపర్లో చదివిన వార్త గుర్తొస్తుంది. అక్కడ గుంపు ఉంటుంది, పోలీసులు తర్వాత వస్తారు. బెస్సీని ఆ గుంపు చేతికి ఇవ్వకు. ఆమెను చంపింది చట్టం. ఆరోపణ పత్రం ఉంది, జ్యూరీ ఉంది, ప్రశ్నలు అడిగినవాళ్లు ఉన్నారు, జవాబులు రాసుకున్న గుమాస్తా ఉన్నాడు. 1563 నుంచి 1736 దాకా ఆ చట్టం అమల్లో ఉంది. ఆ కాలంలో లెక్కకు దొరికిన నిందితులు 3,800 పైచిలుకు. నూటికి 84 మంది ఆడవాళ్లు. విచారణ దాకా వెళ్లినవాళ్లను కాగితాల మీద, పద్ధతి ప్రకారం విచారించారు. పద్ధతి ప్రకారం జరిగే అన్యాయం ఎలా ఉంటుందో చూపించడం గుంపును చూపించడం కంటే కష్టం. నీ శ్రమంతా అక్కడ పెట్టు.

ఇక అసలు సంగతి. బెస్సీ గురించి మనకు తెలిసిందంతా ఆ రికార్డు వల్లే తెలిసింది. ఆమె మాటలు అందులో ఉన్నాయి, కానీ కలం ఆమె చేతిలో లేదు. ప్రతి జవాబూ ఎవరో ఒక ప్రశ్న అడిగితే వచ్చింది. నువ్వు ఆ జవాబులన్నీ వరసగా కలిపి ఆమె చెప్పుకున్న ఆత్మకథలాగా రాశావు. అలా చేసేసరికి బెస్సీ ఎవరూ అడక్కుండానే దయ్యాల కథలు చెప్పుకుపోయే వాగుడుకాయలా తయారైంది. ప్రతి జవాబు ముందూ ప్రశ్న పెట్టు. అడిగినవాడికి ఏం కావాలో ఆలోచించు. ఆమె ఏం ఇచ్చిందో చూడు. ఆ రెంటికీ మధ్య ఉన్న ఎడంలోనే నీ కథ ఉంది. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటి మర్చిపోకు.

ఎలాగో చూపిస్తాను. మొదట ఆమెను ఏం అడిగారు? పోయిన వస్తువుల జాడ చెప్పడానికి, రోగాలు నయం చెయ్యడానికి నీకున్న విద్య ఏమిటి అని. ఆమె, నాకు సొంతంగా ఏ విద్యా రాదు, ఎవరైనా వచ్చి అడిగితే నేను థామ్ రీడ్‌ను అడుగుతాను, ఆయన పింకీ యుద్ధంలో చనిపోయాడు, ఆ సంగతి ఆయనే నాతో చెప్పాడు అంది. ఇంగ్లండుతో ఆ పింకీ యుద్ధం 1547 సెప్టెంబరు 10న జరిగింది. స్కాట్లాండ్ వాళ్లు దాన్ని నల్ల శనివారం అన్నారు. అంటే చనిపోయి ఇరవై తొమ్మిదేళ్లయిన మనిషి. అడిగేవాళ్లు కుర్చీల్లో ముందుకు జరిగి ఉంటారు. ఎలా ఉంటాడు వాడు అన్నారు. వాళ్లకు కావలసింది కొమ్ములో, గిట్టలో. ఆమె చెప్పింది ఇదీ: పెద్దాయన, నెరిసిన గడ్డం, పాతకాలపు చేతులున్న బూడిదరంగు కోటు, బూడిదరంగు లాగు, మోకాళ్ల పైన కట్టుకున్న తెల్ల మేజోళ్లు, తలమీద నల్ల టోపీ, చేతిలో తెల్ల కర్ర. సైతాను కోసం అడిగితే ఊళ్లో ఎవరింటి అరుగు మీదో కనిపించే ముసలాయన వచ్చాడు.

ఆ తర్వాత, వాడు నిన్ను ఎక్కడ, ఎలా కలిశాడు అని అడిగారు. ఇప్పుడు వచ్చే జవాబును నువ్వు మూడు లైన్లలో దాటేశావు. నాకు తెలిసినంతలో ఏ కోర్టు రికార్డులోనూ ఇంత మనిషితనం ఉన్న పేరా ఇంకొకటి లేదు. బెస్సీ ఇంటి నుంచి మాంక్‌కాజిల్ వైపు ఆవులను మేతకు తోలుకెళ్తోంది. వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆవు చచ్చిపోయింది. మొగుడూ, పసిబిడ్డా ఊళ్లో తిరుగుతున్న జబ్బుతో పడి ఉన్నారు. ఆమె పురిటి మంచం మీంచి అప్పుడే లేచింది. పచ్చి బాలింత, అమ్మాయీ! పచ్చి బాలింత ఆవులు తోలుకుని పోతోందంటే ఆ ఇంట్లో ఆ పనికి ఇంకో మనిషి లేడు. అప్పుడు ఎదురొచ్చాడు ఆ పెద్దాయన. పలకరించాడు. ఆమె మర్యాదగా బదులు పలికింది. సాంతా మరియా, బెస్సీ, లోకంలో ఏ వస్తువు కోసమని ఇంత ఏడుపు అన్నాడు. ఆమె తన కష్టం చెప్పుకుంది. ఆస్తి కరిగిపోతోంది, మొగుడు చావుబతుకుల్లో ఉన్నాడు, బిడ్డ దక్కదు, నేను నీరసంతో ఉన్నాను, నాకు ఏడుపు రాదా అంది. ఆయన ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. నువ్వు దేవుడికి కోపం తెప్పించావు, బిడ్డ నువ్వు ఇల్లు చేరేలోపే పోతుంది, రెండు గొర్రెలు కూడా చస్తాయి, మొగుడు మాత్రం లేచి తిరుగుతాడు అన్నాడు. మొగుడు బతుకుతాడని విన్నాక నా మనసు కాస్త తేలికపడింది అని ఆమె కోర్టులో చెప్పింది. తర్వాత ఆ ముసలాయన ఏ మనిషీ పట్టనంత చిన్న సందులోంచి గోడ అవతలికి వెళ్లిపోయాడు. అప్పుడు నాకు కొంచెం భయం వేసింది అంది.

చూడు, భయం ఎక్కడ వేసింది. బిడ్డ పోతుందని చెప్పినప్పుడు కాదు. గోడ సందులోంచి దూరినప్పుడు. బిడ్డ పోతుందని ఆమెకు లోలోపల ముందే తెలుసు కాబోలు. ఈ ఒక్క పేరా నీ మొదటి అధ్యాయం. అడిగినవాడికి దయ్యం కావాలి. ఆమె చచ్చిన ఆవుతో మొదలుపెట్టింది. అలా మొదలుపెట్టాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. గుమాస్తా కూడా దాన్ని కొట్టెయ్యకుండా రాసుకున్నాడు. ఆ గుమాస్తాకు మనం రుణపడి ఉన్నాం.

ఆ "సాంతా మరియా" అన్న మాట కూడా వదలకు. 1560లో స్కాట్లాండ్ ప్రొటెస్టెంటు దేశమైంది. పదహారేళ్లుగా మేరీమాతను తలుచుకోవడం తప్పు. థామ్ రీడ్ ఆ మార్పుకు ముందే పోయాడు కాబట్టి పాత మాటే మాట్లాడతాడు. నువ్వు పేజీల కొద్దీ మతచరిత్ర రాశావు. అదంతా తీసేసి ఆ పలకరింపు ఒక్కటి ఉంచు.

చాలామంది రాసేవాళ్లు చేసినట్టే నువ్వూ థామ్ రీడ్‌కు సంజాయిషీ ఇచ్చావు. ఆకలి, జ్వరం, పురిటి నీరసం, అందువల్ల భ్రమ అని. ఇంకొకరైతే ఆయన నిజంగానే ప్రేతాత్మ అంటారు. నువ్వు ఈ రెండూ అనకు. ఆమెకు కనిపించాడు, ఆమెతో మాట్లాడాడు, కథకు అంతవరకే కావాలి. ఆయన మీద నమ్మకం కలగడానికి ఏదైనా గుర్తు చెప్పమంటే ఏం చెప్పాడో చూడు. తన వాళ్ల దగ్గరికి ఆమెతో కబురు పంపాడు. అందులో ఒకతనికి చెప్పమన్న గుర్తు ఇదీ: నల్ల శనివారం యుద్ధానికి ఇద్దరం కలిసి బయల్దేరాం, నీకు వేరే దారిన పోవాలని ఉంటే నేనే ధైర్యం చెప్పాను, డాల్రీ చర్చి దగ్గర అంజూరపండ్లు కొని నీ చేతిరుమాలులో కట్టి ఇచ్చాను. చావుకు వెళ్లే దారిలో స్నేహితుడికి కొనిచ్చిన పండ్లు! దీన్ని భ్రమ అని వివరిస్తే ఏం మిగులుతుంది?

ఆమె చేసిన వైద్యం సంగతి. నువ్వు ఆమెను అడవిలో మూలికలు ఏరుకునే మహాజ్ఞానిని చేశావు. మగ వైద్యులు అసూయతో చంపించారని కూడా సూచించావు. రికార్డులో ఉన్న ఒక మందు చెప్తాను. ఒక పెద్దింటి అమ్మాయి కోసం అడిగారు. ఘాటైన బార్లీ బీరులో లవంగాలు, శొంఠి, సోపు, అతిమధురం వేసి మరిగించి, వడకట్టి, తెల్ల చక్కెర కలిపి, పరగడుపున తాగమంది. మన ఇళ్లలో అమ్మమ్మలు పెట్టే కషాయానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఈ దినుసుల్లో చాలావరకు ఆ కొండల్లో పుట్టినవి కావు, ఓడల మీద వచ్చి అంగట్లో అమ్ముడైనవి. ఖరీదైనవి. పెద్దింటి వాళ్లు కాబట్టి కొనగలిగారు. ఇందుకు బెస్సీకి ముట్టింది కొంత పిండి, కాస్త చీజ్. ఆమె ఆర్జన అంత. ఈ లెక్క కథలో ఉంటే, నువ్వు రాసిన ఆ జ్ఞానదేవత తనంతట తానే మాయమైపోతుంది, ఇంటికి పిండి తీసుకెళ్తున్న ఆడమనిషి కనిపిస్తుంది. స్కాట్లాండ్‌లో నిందపడ్డవాళ్లలో వైద్యం చేసేవాళ్లు, మంత్రసానులు కొద్దిమందే. ఎక్కువమంది ఇరుగుపొరుగుతో మాటామాటా అనుకున్న మామూలు ఇల్లాళ్లు. నింద వేసినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. ఆ నిజం నీ వాదానికి ఇబ్బందిగా ఉండొచ్చు. కథకు మాత్రం మేలే చేస్తుంది.

మరి బెస్సీ పేరు అంత దూరం ఎలా పాకింది? నేనైతే నాగలి కర్రు దగ్గర వెతుకుతాను. ఎవరివో నాగలి కర్రులు పోయాయి. బెస్సీని అడిగారు. కమ్మరి ఇంట్లో ఉన్నాయి, వెతకడానికి వెళ్లిన షెరీఫ్ మనిషే మూడు పౌండ్లు పుచ్చుకుని కనపడనట్టు నటించాడు అని ఆమె చెప్పింది. ఇంకోసారి ఇర్విన్ పట్నం ఆసామి ఒకాయన పోయిన పై అంగీ గురించి అడిగాడు. అది ఫలానా ఆమె దగ్గరుంది, ఇప్పటికే దాన్ని విప్పి పావడా కుట్టుకుంది, ఇక దొరకదు అని బెస్సీ చెప్పింది. అంగీ దొరకలేదన్న కోపంతో ఆయన ఈమెనే ఇర్విన్‌లో జైల్లో పెట్టించాడు. దొంగల పేర్లు, లంచం తిన్న బంట్రోతు పేరు తెలిసిన ఆడమనిషి ఊరికి ఎంత ఇబ్బందో నీకు వేరే చెప్పాలా? నువ్వు కథలో విలన్‌గా ఒక నల్లకోటు పాస్టరును పెట్టావు. ఆయన్ను కాస్త వెనక్కి జరిపి, కమ్మరినీ బంట్రోతునూ ముందుకు తీసుకురా. ఆ బంట్రోతుకు మూడు పౌండ్లు ఎందుకు అవసరమయ్యాయో కూడా ఆలోచించు. ఇంట్లో ఎవరికైనా జబ్బేమో. ఆ జబ్బుకు మందు అడగడానికి వాడి పెళ్లాం బెస్సీ దగ్గరికే వెళ్లిందేమో. ఇది నా ఊహ, రికార్డులో లేదు. కథారచయితగా నీకు ఊహించే హక్కు ఉంది. కానీ రికార్డు చెప్పినదానికి ఎదురు తిరగని చోటే ఊహించు.

కథకు గుండెకాయ లాంటి చోటు వేరే ఉంది, అక్కడికి నువ్వు అసలు వెళ్లనే లేదు. ఒక రోజు థామ్ ఆమెకు పన్నెండు మందిని చూపించాడు. ఎనిమిది మంది ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు. ఆడవాళ్లు ప్లెయిడ్ శాలువాలు కప్పుకుని చూడముచ్చటగా ఉన్నారు. రా బెస్సీ, మాతో వస్తావా అని అడిగారు. ఆమె మాట్లాడలేదు. వాళ్లు ఎల్ఫ్‌ల లోకం వాళ్లని, అంటే అక్కడి జానపద కథల్లోని మాయలోకం వాళ్లని, థామ్ తర్వాత చెప్పాడు. అంతకుముందే ఆమె పురిటి మంచం మీద ఉన్నప్పుడు లావుపాటి ఆడమనిషి ఒకావిడ వచ్చి, బల్ల మీద కూర్చుని, దాహం అడిగి తాగి, బిడ్డ బతకదు, మొగుడికి నయమవుతుంది అని చెప్పి వెళ్లింది. ఆవిడ ఆ లోకపు రాణి అట. రాణి వచ్చి పేదింటి బల్ల మీద కూర్చుని దాహం అడగడం! దీనికి నువ్వు నగిషీలేవీ చెక్కకు. ఉన్నది ఉన్నట్టు రాయి.

థామ్ ఆమెను రమ్మని బతిమాలాడు. నన్ను చూడు, తిండి ఉంది, బట్ట ఉంది, నీ బతుకు ఇంతకన్నా బాగుంటుంది అన్నాడు. ఒకసారి ఆమె ఇంట్లోనే, మొగుడూ ముగ్గురు దర్జీలూ కూర్చుని ఉండగా ఆమె ఆప్రాన్ పట్టుకుని లాగాడు. వాళ్లెవరికీ ఏమీ కనపడలేదు. ఆమె ఏమందంటే, నేను మొగుడితో, పిల్లలతో ఉంటున్నాను, వాళ్లను వదిలి రాలేను అంది. ఆయనకు కోపం వచ్చింది. అలాగైతే నా వల్ల నీకు పెద్దగా మేలేమీ జరగదు అన్నాడు. క్రైస్తవ మతాన్ని వదులుకోమన్నప్పుడు కూడా, గుర్రాల తోకలకు కట్టి చీల్చినా ఆ పని చెయ్యను అంది. సైతాను ఆత్మలతో సంబంధం పెట్టుకుందని నేరం మోపిన మనిషి, కోర్టులో, గుమాస్తా రాసుకుంటుండగా చెప్పిన మాటలు ఇవి. అవన్నీ రాసుకున్నాకే వాళ్లు తీర్పు ఇచ్చారు. నువ్వు మంటల్లోంచి ఇప్పించిన ప్రసంగం కన్నా పిల్లలను వదిలి రాలేను అన్న ఈ ఒక్క మాట ఎంత పెద్దదో చూడు. అది కూడా మామూలుగా, ఇంటి పని చెప్పినట్టు చెప్పింది.

తిరుగుబాటు కావాలని నువ్వు ఉత్తరంలో రాశావు. కావాలి, నాకూ కావాలి. కానీ వాళ్లు చెయ్యగలిగిన తిరుగుబాటు ఎలాంటిదో చూడు. 1704లో ఫైఫ్ తీరాన టోరీబర్న్‌లో లిలియస్ ఏడీ అనే ముసలావిడను చర్చి పెద్దలు పట్టుకున్నారు. ఆవిడ ఒప్పుకుంది. సైతాను పాదాలు కోడెదూడ గిట్టల్లా ఉంటాయంది. మరి నీతో పాటు ఇంకెవరున్నారు, పేర్లు చెప్పు అన్నారు. వాళ్లు పెద్దింటి ఆడవాళ్లలా మొహాలకు ముసుగులు వేసుకున్నారు, గుర్తుపట్టలేదు అంది. తన మీదికి ఎంత వచ్చినా ఒప్పుకున్న మనిషి, ఇతరుల దగ్గరికి వచ్చేసరికి ముసుగు వేసింది. విచారణ కోర్టుకు వెళ్లేలోపే ఆవిడ జైల్లో చనిపోయింది. సముద్రపు పోటు వచ్చి మునిగే బురదలో పాతిపెట్టి, పైన పెద్ద రాతిపలక మూశారు. చనిపోయాక కూడా లేచి వస్తుందని భయం. 19వ శతాబ్దంలో ఆ సమాధి తవ్వి ఎముకలు పట్టుకుపోయారు. పుర్రె ఇప్పుడు ఎక్కడుందో తెలియదు, ఫొటోలు మాత్రం ఉన్నాయి. వాటి ఆధారంగా 2017లో డండీ యూనివర్సిటీ వాళ్లు ఆవిడ ముఖాన్ని తిరిగి తయారుచేశారు. చూడు, వెతికితే దొరుకుతుంది. మన వీధిలో ఎదురొచ్చే పెద్దావిడలాగే ఉంటుంది. బెస్సీ ముఖం రాసేముందు ఒకసారి ఆ ముఖం చూడు.

భాష గురించి కొంచెం. సంభాషణల్లో నువ్వు బెస్సీ చేత మన పల్లెటూరి యాస మాట్లాడించావు. ఎందుకు చేశావో అర్థమైంది, ఆమె మాట్లాడింది కూడా లండన్ ఇంగ్లీషు కాదు, స్కాట్స్ అనే అక్కడి భాష. అయినా గోదావరి యాస పెడితే పాఠకుడికి గోదావరి కనిపిస్తుంది, నల్గొండ యాస పెడితే నల్గొండ. బెస్సీ బతికిన ఎయిర్‌షైర్ కనపడదు. తేలికైన, పొట్టి వాక్యాల తెలుగు చాలు. బెస్సీ థామ్‌ను మీరు అనాలి, ఆయన ఆమెను నువ్వు అనాలి. కోర్టువాళ్లు కూడా నువ్వే అంటారు. ఆమె వాళ్లను ఏమీ అనదు. ఈ తేడా మన భాష నీకిచ్చిన సౌకర్యం. పక్క ఊరి పెద్దాయనను పలకరించినట్టు "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి పెద్దాయనా" అంటే చాలు. ఇక "ఓ విధీ!" లాంటివి ఏడు చోట్ల ఉన్నాయి. ఏడూ తీసెయ్యి.

ఒకసారి డాల్రీ వెళ్లి రా. గ్లాస్గో సెంట్రల్ నుంచి నేరుగా రైలుంది. బెస్సీ ఊరి పేరు లిన్. అక్కడ లిన్ గ్లెన్ అని లోయ ఉంది, వాగు పారుతుంది. ఫొటోల కోసం కాకుండా నడవడానికి వెళ్లు. అక్కడి నుంచి మాంక్‌కాజిల్ వైపు నడిచి చూడు. పురుడైన ఒంటితో, ఆవుల వెనక, తడి నేల మీద ఆ దూరం ఎంత అనిపిస్తుందో నీ కాళ్లకు తెలియాలి. వీలైతే నవంబరులోనే వెళ్లు. పొద్దు నాలుగింటికే గుంకుతుంది.

ముగింపు. 2022 మార్చి 8న స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ పార్లమెంటులో ఆ ఆడవాళ్లందరికీ క్షమాపణ చెప్పింది. నువ్వు దాన్ని చివరి పేజీలో పెట్టావు. ఆ క్షమాపణ చెప్పడం మంచి పనే, నేను సంతోషించాను. కానీ కథ చివర పెడితే చదివినవాళ్లు హమ్మయ్య అనుకుని పుస్తకం మూసేస్తారు. తీసెయ్యి. మంట చూపించాల్సిందే అనిపిస్తే ఖర్చు పద్దు చూపించు. 1633లో కర్కాల్డీలో విలియం కోక్, ఆలిసన్ డిక్ అనే మొగుడూ పెళ్లాలను ఒకేసారి కాల్చారు. దాని లెక్కలు భద్రంగా ఉన్నాయి: పది మోతల బొగ్గు, తాడు, తారు పీపా, వాళ్లకు తొడగడానికి నారగుడ్డ, దాన్ని కుట్టినందుకు కూలి, తలారి జీతం, తలారి ఇతర ఖర్చులు. చర్చి కొంత, ఊరు కొంత భరించాయి. చావబోయేవాళ్ల చొక్కాలకు కొలతలు తీసుకున్న దర్జీ ఎవరో ఉండి ఉంటాడు. నీ కథలో ముగ్గురు దర్జీలు ముందే ఉన్నారు, బెస్సీ ఇంట్లో కూర్చుని కుట్టుకుంటూ. ఆ సంబంధం కలపాలో వద్దో నీ ఇష్టం. నేనైతే కలపను, పక్కపక్కన ఉంచి వదిలేస్తాను.

బెస్సీ విషయంలో రికార్డు చివర మార్జిన్‌లో చిన్న అక్షరాలతో రెండు ముక్కలు రాసి ఉన్నాయి. నేరం రుజువైంది, కాల్చారు. గుమాస్తా అంతకన్నా రాయలేదు. నువ్వూ అక్కడే ఆపు.

ఇప్పుడు చెయ్యాల్సింది. కొత్త ప్రతి మొత్తం రాసి పంపకు. ముందు ప్రశ్నలు అడిగే సీను ఒక్కటే రాసి పంపు. ఒక గది, అడిగేవాళ్లు, గుమాస్తా, బెస్సీ. మొదటి మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. గుమాస్తా ఎక్కడ కలం ఆపాడో, ఎక్కడ సిరాలో ముంచాడో కూడా రాయి. పరీక్షలున్నాయన్నావు కదా, అవి అయ్యాకే కూర్చో. తొందరేమీ లేదు. నిద్ర మానుకుని రాయొద్దు, ఇంటికి ఫోన్ చేస్తూ ఉండు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు